నిదానమే ప్రధానం

పాఠ్యాంశ ఉద్దేశం

యంత్రంలో లోపం కనిపించినప్పుడు ముందుగా కారణాన్ని క్రమపద్ధతిలో అన్వేషించాలి. ఆ తరువాతనే మరమ్మతుకు పూనుకోవాలి. ఈ విషయాన్ని కారులోని ఆల్టర్నేటరును ఉదాహరణగా తీసుకొని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

'నిదానమే ప్రధానం' అనే సామెత తెలుగువారి నోట తరచుగా వినిపిస్తుంది. నిదానమంటే తొందరపడకపోవడమని అందరికీ తెలిసిన అర్థం. ఈ మాటకు మరొక ప్రాచీనమైన అర్థం కూడా ఉంది. ఆయుర్వేదంలో నిదానమంటే వ్యాధికి మూలకారణం; ఆ కారణాన్ని నిర్ణయించే ప్రక్రియ. రోగాల కారణాలనూ లక్షణాలనూ వివరిస్తూ మాధవకరుడు రచించిన సంస్కృత గ్రంథం 'మాధవ నిదానం' అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. వైద్యుడు మొదట నిదానం చేస్తాడు, పిమ్మట ఔషధం ఇస్తాడు. మనిషి శరీరానికి వర్తించే ఈ నియమం మనిషి నిర్మించిన యంత్రానికి కూడా వర్తిస్తుంది.

ఒక సన్నివేశాన్ని ఊహించుకోండి. ఖమ్మంలో నివసించే ఒక చిరుద్యోగికి పాత చిన్నకారు ఒకటి ఉంది. ఒకనాటి ఉదయం తాళం తిప్పితే 'టక్ టక్' మన్న చప్పుడే తప్ప ఇంజను కదలలేదు. "బ్యాటరీ పోయినట్లుందండీ, మార్చేయండి" అన్నాడు పొరుగింటాయన. వెంటనే వేల రూపాయలు వెచ్చించి కొత్త బ్యాటరీ వేయించారు. కారు చక్కగా నడిచింది. నాలుగవ రోజు సాయంత్రం కుటుంబంతో సూర్యాపేట నుంచి తిరిగివస్తుండగా వాన మొదలయింది. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ గల ఎర్రదీపం వెలిగింది. కొత్త బ్యాటరీయే కదా అని ఆయన దానిని పట్టించుకోలేదు. కొంతదూరం పోయేసరికి హెడ్‌లైట్లు మసకబారాయి, వైపర్లు నెమ్మదించాయి, చివరకు చీకటిలో రోడ్డు పక్కన ఇంజను ఆగిపోయింది. వెనుక నుంచి వచ్చే లారీలకు తమ ఉనికిని తెలిపే దీపాలు కూడా వెలగడం లేదు. పిల్లలను దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టడం తప్ప ఆ దంపతులకు మరో మార్గం తోచలేదు.

ఇందులో బ్యాటరీ దోషం లేదు. దోషం ఆల్టర్నేటరులో ఉంది. మొదటి రోజుననే పది నిమిషాలు పరీక్షించి ఉంటే డబ్బు మిగిలేది, ప్రాణభయమూ తప్పేది.

ఆల్టర్నేటరు చేసే పని

కారులో విద్యుత్తును ఇచ్చేది బ్యాటరీ అని చాలామంది అభిప్రాయం. అది సగమే నిజం. ఇంజనును ప్రారంభించడానికి అవసరమైన శక్తిని బ్యాటరీ ఇస్తుంది. ఇంజను ఒకసారి నడవసాగిన తరువాత దీపాలకు, హారనుకు, వైపర్లకు, ఇగ్నిషనుకు కావలసిన విద్యుత్తును ఆల్టర్నేటరు సమకూరుస్తుంది. ప్రారంభంలో బ్యాటరీ ఖర్చు చేసిన శక్తిని కూడా అదే తిరిగి నింపుతుంది. బ్యాటరీని నీటితొట్టి అనుకుంటే ఆల్టర్నేటరు దానిని నింపే మోటారు వంటిది. మోటారు ఆగితే తొట్టి ఎంత కొత్తదైనా ఖాళీ కాక తప్పదు.

అయస్కాంత క్షేత్రం మారుతున్నప్పుడు తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. ఆల్టర్నేటరుకు ఆధారం ఆ సూత్రమే. ఇంజను తిరిగేటప్పుడు ఒక రబ్బరు బెల్టు ఆల్టర్నేటరు పుల్లీని తిప్పుతుంది. పుల్లీతో పాటు లోపలి రోటరు తిరుగుతుంది. రెండు చిన్న కార్బన్ బ్రష్‌ల ద్వారా రోటరులోని తీగచుట్టకు కొద్దిపాటి విద్యుత్తు అంది, అది అయస్కాంతంగా మారుతుంది. దాని చుట్టూ కదలక ఉండే స్టేటరు తీగచుట్టలలో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. డయోడ్లు దానిని బ్యాటరీకి పనికివచ్చే ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. రెగ్యులేటరు అనే భాగం వోల్టేజి హద్దుమీరకుండా కాపలా కాస్తుంది.

పూర్వపు కార్లలో ఈ పనికి డైనమోను వాడేవారు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అది తగినంత విద్యుత్తును ఇవ్వలేకపోయేది. సిలికాన్ డయోడ్లు అందుబాటులోకి వచ్చిన తరువాత, 1960వ దశకంలో ఆల్టర్నేటరు దాని స్థానాన్ని ఆక్రమించింది. వస్తువు మారినా పేరు పూర్తిగా పోలేదు. కొందరు మెకానిక్కులు నేటికీ ఆల్టర్నేటరును 'డైనమో' అనే వ్యవహరిస్తారు.

ఆల్టర్నేటరు ఆగిపోతే కారు ఎంతసేపు నడుస్తుంది? లెక్క కష్టం కాదు. చిన్నకారు బ్యాటరీ సామర్థ్యం 35 ఆంపియర్-అవర్లు అనుకుందాం. రెండు హెడ్‌లైట్లకు సుమారు 10 ఆంపియర్లు, ఇగ్నిషను, వైపర్లు మొదలైన వాటికి మరొక 5 ఆంపియర్లు కావాలి. మొత్తం 15 ఆంపియర్లు. 35ను 15తో భాగిస్తే రెండు గంటలకు కాస్త పైగా వస్తుంది. అయితే బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకముందే వోల్టేజి పడిపోతుంది కనుక వాస్తవంలో అంత సమయం కూడా దొరకదు. రాత్రిపూట ఎర్రదీపం వెలిగిందంటే ఆ గడియారం నడవడం ప్రారంభమైందని గ్రహించాలి. ఏసీని, పాటల పెట్టెను ఆపివేసి, దగ్గరలోని సురక్షితమైన చోటికి చేరుకోవాలి. ప్రయాణం కొనసాగించరాదు.

లక్షణాలు

రోగం ముదరకముందే ఆల్టర్నేటరు కొన్ని సూచనలు చేస్తుంది. నిలిచి ఉన్న కారులో హెడ్‌లైట్లు మందగించి, యాక్సిలరేటరు తొక్కగానే ప్రకాశించడం ఒక సూచన. హారను గొంతు బలహీనపడటం, ఉదయంపూట సెల్ఫ్ నీరసంగా తిరగడం మరికొన్ని. బానెట్ కింద నుంచి గరగరమనే శబ్దం వస్తే బేరింగు అరిగిందేమోనని సందేహించాలి. కీచుమనే శబ్దం, కాలిన రబ్బరు వాసన వస్తే బెల్టు జారుతున్నదని భావించాలి. రెగ్యులేటరు చెడితే ఇందుకు భిన్నంగా విద్యుత్తు మితిమీరి వస్తుంది. అప్పుడు బల్బులు తరచుగా మాడిపోతాయి, బ్యాటరీలో పోసిన డిస్టిల్డ్ వాటర్ త్వరగా ఇంకిపోతుంది.

ఎర్రదీపం విషయంలో మరొక మాట. ఇంజను ప్రారంభించక ముందు తాళం తిప్పగానే ఆ దీపం వెలగాలి, ఇంజను నడవగానే ఆరిపోవాలి. మొదట వెలగనే వెలగకపోతే అది శుభసూచకం కాదు. చాలా పాత కార్లలో ఆల్టర్నేటరును మేల్కొలిపే తొలి విద్యుత్తు ఆ బల్బు ద్వారానే వెళుతుంది. పది రూపాయల బల్బు మాడిపోయినందువల్ల మంచి ఆల్టర్నేటరు పనిచేయకుండా పోవచ్చు.

లక్షణం నుంచి కారణానికి

లక్షణాన్ని చూసి కారణాన్ని నిశ్చయించేటప్పుడు పొరపాటు దొర్లే ప్రమాదం ఉంది. అన్నంభట్టు రచించిన 'తర్కసంగ్రహం' చదివినవారికి కొండమీది పొగ ఉదాహరణ పరిచితమే. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. కాని నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. అలాగే బ్యాటరీ చెడితే కారు కదలదు; కాని కదలని ప్రతి కారులోనూ బ్యాటరీ చెడిపోయి ఉండదు. పొరుగింటాయన సలహాలోని లోపం ఇదే. ఆ సలహా సదుద్దేశంతో ఇచ్చినదే, తర్కానికి మాత్రం నిలవలేదు.

పరీక్ష కంటితో మొదలుకావాలి. ఇంజను ఆపి, చల్లారిన తరువాత బెల్టును చూడాలి. దానిపై పగుళ్లు ఉన్నాయా, అంచులు పీచులు లేచాయా, లోపలివైపు గాజులా నునుపెక్కిందా అని పరిశీలించాలి. పాత కార్లలోని వి-బెల్టును రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే ఇంచుమించు ఒక సెంటీమీటరు కుంగాలి. కచ్చితమైన కొలత కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. తరువాత బ్యాటరీ టెర్మినళ్లను చూడాలి. వాటిపై తెల్లని లేదా పచ్చని పొడి పేరుకుంటే, బిగింపు వదులైతే విద్యుత్ ప్రవాహానికి ఆటంకం కలుగుతుంది. ఇంజనుకూ కారు శరీరానికీ కలిపిన ఎర్తు వైరు కూడా గట్టిగా ఉండాలి. చాలా సందర్భాలలో రోగం ఈ దశలోనే దొరికిపోతుంది.

తరువాతి సాధనం మల్టీమీటరు. ఇది ఎలక్ట్రికల్ దుకాణాలలో కొన్ని వందల రూపాయలకే లభిస్తుంది. దానిని డీసీ 20 వోల్టుల స్థానంలో ఉంచి, ఎర్ర తీగను బ్యాటరీ పాజిటివ్ టెర్మినలుకు, నల్ల తీగను నెగటివ్ టెర్మినలుకు ఆనించాలి. కారు కొన్ని గంటలుగా కదలక ఉన్నప్పుడు పూర్తిగా నిండిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 ఉంటే సగం నిండి ఉన్నదనీ, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినదనీ అర్థం. ఖాళీ బ్యాటరీని మొదట చార్జరుతో నింపి, ఆ తరువాతనే పరీక్ష కొనసాగించాలి.

ఇప్పుడు ఇంజనును నడపాలి. ఆల్టర్నేటరు ఆరోగ్యంగా ఉంటే మీటరు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపుతుంది. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి, యాక్సిలరేటరును కొద్దిగా తొక్కినప్పుడు కూడా అది 13 కంటే తగ్గరాదు. ఇంజను నడుస్తున్నా 12.6 దాటకుండా క్రమంగా దిగజారుతుంటే బ్యాటరీకి విద్యుత్తు అందడం లేదని స్పష్టమవుతుంది. 15 దాటితే రెగ్యులేటరును అనుమానించాలి.

ఇంతటితో ఆల్టర్నేటరును దోషిగా నిర్ణయించరాదు. దాని వెనుకభాగంలో మందపాటి వైరు బిగించిన పాజిటివ్ బోల్టు ఉంటుంది. అక్కడ కూడా వోల్టేజిని కొలవాలి. అక్కడ 14.2, బ్యాటరీ వద్ద 12.8 ఉన్నాయనుకోండి. అప్పుడు ఆల్టర్నేటరు నిర్దోషి. మధ్యలోని వైరు గాని, దాని బిగింపు గాని దోషి. రెండుచోట్లా తక్కువే ఉంటే ఆల్టర్నేటరు విద్యుత్తును పుట్టించడం లేదని తేలుతుంది. చివరగా మీటరును ఏసీ స్థానానికి మార్చి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద కొలవాలి. అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే డయోడు చెడిందని ఊహించవచ్చు. చెడిన డయోడు నిలిపి ఉంచిన కారు బ్యాటరీని రాత్రికి రాత్రే ఖాళీ చేయగలదు.

పూర్వం కొందరు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరును ఊడదీసి, కారు ఆగిపోతే ఆల్టర్నేటరు చెడినట్లు నిర్ణయించేవారు. ఈ పరీక్ష ఎన్నడూ చేయరాదు. ఆ క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగసి కారులోని ఎలక్ట్రానిక్ భాగాలను, ఆల్టర్నేటరు డయోడ్లను దగ్ధం చేయగలదు.

మన ఉదాహరణలోని ఉద్యోగి కారును మరునాడు ఈ క్రమంలోనే పరీక్షించారనుకుందాం. బెల్టు బాగుంది. టెర్మినళ్లు శుభ్రంగా ఉన్నాయి. చార్జరుతో నింపిన బ్యాటరీ 12.6 చూపింది. ఇంజను నడిపితే 12.3, దీపాలు వేస్తే 11.9. ఆల్టర్నేటరు బోల్టు వద్ద కూడా అంతే. సందేహానికి తావు లేకుండా నిదానం పూర్తయింది.

మార్పిడి

దోషం తేలినంత మాత్రాన కొత్తది కొనవలసిందేనా? కానక్కరలేదు. బ్రష్‌లు అరిగితే వాటిని మాత్రమే మార్చవచ్చు. బేరింగు, రెగ్యులేటరు కూడా విడిగా దొరుకుతాయి. మన పట్టణాలలోని ఆటో ఎలక్ట్రీషియన్లు తీగచుట్టను రీవైండింగ్ చేయడంలో సిద్ధహస్తులు. ఒకటికి మించిన భాగాలు అరిగిపోయినప్పుడు పూర్తిగా మార్చడం మేలు. ఈ కారులో బ్రష్‌లతో పాటు బేరింగు కూడా పోయింది కనుక మార్పిడియే ఉచితం.

కారును సమతలమైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు చెక్కదిమ్మెలు అడ్డుపెట్టాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి. ఉంగరం, గాజులు, గొలుసు, చేతిగడియారం తీసివేయాలి. వేలాడే చున్నీలు, వదులు చేతుల దుస్తులు పనికిరావు. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి ఎట్టి పరిస్థితులలోనూ వెళ్లరాదు. అనుభవం లేనివారు అనుభవజ్ఞుల సమక్షంలోనే ఈ పని చేయాలి.

మొదట బ్యాటరీ నెగటివ్ టెర్మినలును విప్పాలి. ఈ నియమానికి బలమైన కారణం ఉంది. ఆల్టర్నేటరు వెనుకనున్న మందపాటి వైరు నేరుగా బ్యాటరీతో కలిసి ఉంటుంది. తాళం తీసివేసినా అందులో విద్యుత్తు ఉంటుంది. నెగటివ్ విప్పకుండా ఆ నట్టును తిప్పుతుండగా స్పానరు కారు శరీరానికి తగిలితే ప్రచండమైన నిప్పురవ్వలు లేస్తాయి. చేతులు కాలవచ్చు, వైర్లు అంటుకోవచ్చు. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజను వాయువు పేలవచ్చు. ఒక్క నట్టును ముందు విప్పడమా, తరువాత విప్పడమా అన్న చిన్న భేదం ఇంతటి ప్రమాదాన్ని నివారిస్తుంది.

తరువాత వైర్లు, బెల్టు ఉన్న తీరును సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోవాలి. పాత చిన్నకార్లలో ఆల్టర్నేటరు ఒకవైపు ఇరుసు వంటి బోల్టు మీద ఊగుతూ, మరొకవైపు పొడవైన గాడి గల పట్టీకి బిగించి ఉంటుంది. మారుతి 800 ఇందుకు మంచి ఉదాహరణ. 2014లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. ఈ రెండువైపుల బోల్టులనూ వదులు చేసి, ఆల్టర్నేటరును ఇంజను వైపు నెడితే బెల్టు సడలి బయటికి వస్తుంది. కొత్తరకం కార్లలో బెల్టును బిగించి ఉంచే టెన్షనరును స్పానరుతో తిప్పి పట్టుకోవాలి. పిమ్మట మందపాటి వైరు నట్టును విప్పి, ప్లగ్గు కొక్కెం నొక్కి ఊడదీయాలి. వైరును పట్టుకొని లాగరాదు. ఒక చేత్తో ఆల్టర్నేటరును ఆనించి పట్టుకొని బోల్టులను పూర్తిగా తీయాలి. అది కొన్ని కిలోల బరువుంటుంది కనుక జారి కాలిమీద పడకుండా జాగ్రత్త వహించాలి.

పాతదానిని, కొత్తదానిని పక్కపక్కన ఉంచి పోల్చి చూడాలి. బోల్టు రంధ్రాలు, పుల్లీ వెడల్పు, దాని గాళ్లు, ప్లగ్గు ఆకారం, ఆంపియర్ల సామర్థ్యం సరిపోవాలి. అన్నీ సరిపోతేనే బిగించడానికి పూనుకోవాలి.

బిగింపు విప్పినదానికి విలోమ క్రమంలో సాగుతుంది. బోల్టులను చేత్తో తిప్పి ఎక్కించి, బెల్టును గాళ్లలో సరిగా కూర్చోబెట్టి, ఆల్టర్నేటరును వెలుపలికి లాగి బిగించాలి. బెల్టు వదులైతే జారుతుంది, విద్యుత్తు చాలదు. మరీ బిగువైతే బేరింగులు అకాలంగా అరిగిపోతాయి. వీణతంతికి వలె దీనికీ తగినంత బిగువే మేలు. వైర్లన్నీ కలిపిన తరువాత, అన్నిటికంటే చివరగా బ్యాటరీ నెగటివ్ టెర్మినలును బిగించాలి. ఖాళీ అయిన బ్యాటరీని చార్జరుతో నింపకుండా కొత్త ఆల్టర్నేటరుకు అప్పగిస్తే అది గరిష్ఠ భారంతో పనిచేసి అతిగా వేడెక్కుతుంది.

పనిముట్లు, గుడ్డపీలికలు ఇంజను వద్ద మిగలలేదని చూసుకొని తాళం తిప్పాలి. ఎర్రదీపం వెలిగి, ఇంజను నడవగానే ఆరిపోవాలి. మీటరు 14 వోల్టుల సమీపంలో చూపాలి. కొత్త బెల్టు వేసినట్లయితే అది కొంత సాగుతుంది కనుక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత బిగువును మళ్లీ పరీక్షించాలి.

హద్దులు తెలియడం

ఈ పద్ధతి అన్ని వాహనాలకూ యథాతథంగా వర్తించదు. నేటి అనేక కార్లలో కంప్యూటరు అవసరాన్ని బట్టి ఆల్టర్నేటరు వోల్టేజిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అటువంటి కారులో మీటరు కొద్దిసేపు 12.8 చూపినంత మాత్రాన దోషమని నిర్ణయించరాదు. కొన్నింటిలో ఆల్టర్నేటరు ఇతర భాగాల వెనుక దాగి ఉంటుంది. విద్యుత్ కార్లలో ఆల్టర్నేటరే ఉండదు. వాటిలో నారింజ రంగు తొడుగు గల వైర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి ప్రవహిస్తుంది కనుక శిక్షణ లేనివారు వాటిని తాకరాదు. తాను ఎక్కడ ఆగి ఆటో ఎలక్ట్రీషియన్ను పిలవాలో తెలుసుకోవడం కూడా ఈ విద్యలో భాగమే. ఆ దశలో కూడా పరీక్ష వృథా కాదు. ఏ చోట ఎన్ని వోల్టులు ఉన్నాయో చెప్పగలిగిన యజమానికి అనవసరమైన భాగాలు అంటగట్టడం ఎవరికీ సులభం కాదు.

చేతివృత్తుల జ్ఞానం పుస్తక జ్ఞానం కంటే తక్కువది కాదు. శబ్దాన్ని విని బేరింగు అరుగుదలను పసిగట్టే మెకానిక్కు, నాడిని పట్టి రోగాన్ని గుర్తించే వైద్యుడు, లక్షణాన్ని చూసి కారణాన్ని ఊహించే తార్కికుడు ఒకే కుటుంబానికి చెందినవారు. ముగ్గురూ చూస్తారు, ఊహిస్తారు, ఊహను పరీక్షకు పెడతారు, ఆ తరువాతనే చేయి కదుపుతారు. ఎర్రదీపం వెలిగినప్పుడు దానిని నిర్లక్ష్యం చేయడం ఎంత తప్పో, తొందరపడి తోచిన భాగాన్ని మార్చడం కూడా అంతే తప్పు. నిదానం అనే మాటకున్న రెండర్థాలూ అక్కడ ఒక్కటవుతాయి.

అర్థాలు

వెచ్చించి : ఖర్చు చేసి
ఏకాంతర విద్యుత్తు : దిశ మారుతూ ప్రవహించే విద్యుత్తు
ఏకముఖ విద్యుత్తు : ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తు
పరిచితం : తెలిసినది
సిద్ధహస్తుడు : బాగా చేయి తిరిగినవాడు
విలోమం : తలకిందులు, వెనుకనుంచి ముందుకు
తార్కికుడు : తర్కశాస్త్రం తెలిసినవాడు

అభ్యాసం

1. 'నిదానం' అనే పదానికి గల రెండర్థాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. కాలిన ఇనుపగుండు ఉదాహరణ ద్వారా రచయిత చెప్పదలచిన విషయం ఏమిటి?
3. బ్యాటరీ వద్ద 12.7, ఆల్టర్నేటరు బోల్టు వద్ద 14.3 వోల్టులు ఉంటే దోషం ఎక్కడ ఉన్నట్లు? కారణం రాయండి.
4. బ్యాటరీ నెగటివ్ టెర్మినలును మొదట విప్పి, చివరగా ఎందుకు బిగించాలి?
5. మీ ఇంటిలోని ఏదైనా ఒక పరికరం పనిచేయకపోతే కారణాన్ని ఏ క్రమంలో అన్వేషిస్తారో పది వాక్యాలలో రాయండి.